కట్టిన లోకాల కథలు: మా మేడ మీద తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఒక మిత్రుడి మేడ మీద నెలకోసారి పదిమందిమి కూర్చుని సైన్స్ ఫిక్షన్ చదువుకుంటాం. ఇంజినీరింగ్ చదివే పిల్లలున్నారు, పోర్టులో పనిచేసి రిటైరైన పెద్దలున్నారు, ఒక తెలుగు టీచరుగారున్నారు. రెండేళ్లుగా మేం ఎక్కువగా మాట్లాడుకుంటున్నది ఒకే రకం కథల గురించి. అందరూ నిజమనుకుని బతికేస్తున్న లోకం ఎవరో కట్టిన లోకమని తేలే కథలవి. కొత్తవాళ్లు వచ్చినప్పుడల్లా అడిగే ప్రశ్నలూ, పాతవాళ్లు వదలకుండా తవ్వే ప్రశ్నలూ ఇక్కడ ఒకచోట పెట్టాను. జవాబులు నావే, అన్నిటికీ మావాళ్లందరూ ఒప్పుకోరు. కథల్లో మలుపులు చెప్పకుండా వీటి గురించి మాట్లాడటం కుదరదు కాబట్టి ముందే తెలుసుకోవడం ఇష్టంలేనివాళ్లు ఆ కథలు చదివి, సినిమాలు చూసి రండి.

సిమ్యులేషన్ లోకం అంటే ఏంటి? కలకీ దీనికీ తేడా ఏంటి?

కలకి కట్టినవాడు ఉండడు. మన కల మనకే వస్తుంది, మనతోనే పోతుంది. సిమ్యులేషన్‌కి మాత్రం కట్టినవాడు ఉంటాడు, నడిపేవాడు ఉంటాడు, ఖర్చు భరించేవాడు ఉంటాడు. లోపల ఉన్నవాడికి ఆ సంగతి తెలియకపోవడమే కథ.

అందుకే ఇలాంటి కథ ఏది చదివినా నేను మూడు సంగతులు వెతుకుతాను. ఎవరు కట్టారు? ఎవరి లాభం కోసం? బయటపడినవాడు ఏం పోగొట్టుకున్నాడు? ఈ మూడూ దొరికితే ఆ కథ పుట్టిన చోట జనం దేనికి భయపడుతున్నారో తెలిసిపోతుంది. యంత్రం ఎలా పనిచేస్తుందన్నది నాకు ఆ తర్వాతి సంగతి.

మన భాషలో దీనికి మాటలు కొత్తగా పుట్టించుకోనక్కర్లేదు. కనికట్టు అంటే కంటిని కట్టేయడం. వస్తువు మారదు, చూసేవాడి కన్నే కట్టుబడుతుంది. ‘మాయ’ ఇంకా లోతైన మాట. మోసం చేస్తే మాయ చేశాడంటాం, కనిపించకపోతే మాయమైందంటాం, విసుగొస్తే మాయదారి అని తిడతాం. కడుపులో బిడ్డతో పాటు ఉండి, పురిటి తర్వాత బయటపడేదాన్ని కూడా మాయ అనే అంటాం. మా టీచరుగారు ఈ సంగతి చెప్పిన రోజు మేడ మీద కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మోసానికీ, బిడ్డని పోషించేదానికీ ఒకే మాట ఉన్న భాషలో పెరిగినవాళ్లం మనం. కట్టిన లోకం అనగానే పగలగొట్టి బయటికి రావాలన్న ఆలోచన ఒక్కటే మనకి తట్టకపోవడానికి అదీ ఒక కారణమేమో అనిపిస్తుంది నాకు.

ఈ కథలు ‘ది మేట్రిక్స్’ సినిమాతో మొదలయ్యాయా?

లేదు. జనం నిజమనుకుంటున్న లోకం యంత్రాలు కంప్యూటర్‌లో కట్టిందని తేలే ఆ హాలీవుడ్ సినిమా 1999లో వచ్చింది. అంతకు 44 ఏళ్ల ముందే, 1955లో, అమెరికన్ రచయిత ఫ్రెడరిక్ పోల్ ‘ది టనెల్ అండర్ ద వరల్డ్’ అనే కథ రాశాడు. ఒక మామూలు ఉద్యోగి జూన్ 15 పొద్దున్న పీడకలొచ్చి అరుస్తూ లేస్తాడు. ఆఫీసుకి వెళ్తాడు, దారంతా ఏవో కొత్త ప్రకటనల హోరు. పడుకుని లేస్తే మళ్లీ జూన్ 15. ఊరందరికీ అదే రోజు తిరిగి తిరిగి వస్తోంది, ఎవరికీ గుర్తుండటం లేదు. చివరికి తెలిసేది ఏంటంటే, ఊళ్లో కెమికల్ ప్లాంటు పేలి అందరూ ఎప్పుడో చనిపోయారు. వాళ్ల మనసుల్ని చిన్న చిన్న యంత్రాల్లోకి ఎక్కించి, ఒక బల్ల మీద ఊరంతా మళ్లీ కట్టారు. ఏ ప్రకటనకి జనం ఎలా లొంగుతారో పరీక్షించడానికి.

ఫ్యాక్టరీ సైరన్లు వింటూ పెరిగిన మన ఊరివాళ్లకి ఆ పేలుడు దూరపు సంగతి అనిపించదు. అది చదివిన రోజు, ఒక కంపెనీ గోడ పక్క కాలనీ నుంచి వచ్చే ఇంజినీరింగ్ అమ్మాయి చాలాసేపు తలెత్తలేదు. తర్వాత ఒక్కటే అడిగింది. “చచ్చిపోయాక కూడా ఇంకొకడి వ్యాపారానికే పనికొచ్చారా, సార్?” ఆ కథ మీద నేను చదివిన వ్యాఖ్యానాలన్నిటికన్నా ఆ ప్రశ్న మంచిది.

తర్వాత 1964లో డేనియల్ గలూయ్ ‘సిమ్యులాక్రాన్-3’ నవల రాశాడు. అందులో కంప్యూటర్ లోపల ఒక నగరాన్నే కడతారు. అదీ జనాభిప్రాయం తెలుసుకోవడానికే. ఇంటింటికీ తిరిగి సర్వే చేసే పని తప్పుతుందని. దాన్ని 1973లో జర్మన్ దర్శకుడు ఫాస్‌బైండర్ రెండు భాగాల టీవీ సినిమాగా తీశాడు. 1999లో అదే నవల ఆధారంగా ‘ది థర్టీన్త్ ఫ్లోర్’ వచ్చింది.

ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టి చూడండి. యుద్ధం తర్వాత అమెరికాలో ఇంటింటికీ టీవీ వచ్చింది, టీవీతో ప్రకటనలూ వచ్చాయి. తనకి ఏం కావాలో తనకన్నా ముందు ఒక కంపెనీకి తెలిసిపోతోందన్న గుబులు జనానికి పట్టుకుంది. ఆ గుబులే బల్ల మీద ఊరైంది. ఫోన్‌లో ఒక చీర రెండు సెకన్లు ఎక్కువసేపు చూస్తే మర్నాడంతా చీరలే కనిపించే ఈ రోజుల్లో, జూన్ 15 కథ పాతబడిందని ఎవరైనా అంటే నేనొప్పుకోను.

మరి 1998, 1999ల్లోనే ఇన్ని సినిమాలు ఒక్కసారిగా ఎందుకొచ్చాయి?

‘ది ట్రూమన్ షో’, ‘డార్క్ సిటీ’ 1998లో వచ్చాయి. ‘ది మేట్రిక్స్’, ‘ఎగ్జిస్టెన్స్’, ‘ది థర్టీన్త్ ఫ్లోర్’ 1999లో వచ్చాయి. ఇంటర్నెట్ ఇళ్లలోకి వస్తున్న రోజులు, కంప్యూటర్ గ్రాఫిక్స్ చవకవుతున్న రోజులు అని సులువుగా చెప్పేయొచ్చు. అది నిజమే కానీ చాలదు.

‘ది మేట్రిక్స్’లో హీరో మొదట ఎక్కడుంటాడో చూడండి. ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలో, చిన్న చిన్న అరల్లాంటి సీట్ల మధ్య ఒక సీట్లో. ఆలస్యంగా వచ్చాడని పై అధికారి చీవాట్లు పెడతాడు. బయట యుద్ధం లేదు, ఆకలి లేదు, జీతం వస్తోంది, అయినా ఏదో తేడాగా ఉంది. బాగానే ఉన్న జీవితం మీద అనుమానం అది. కడుపు నిండిన సమాజానికి వచ్చే అనుమానం.

సరిగ్గా అదే రోజుల్లో మా వీధి కుర్రాళ్లు కంప్యూటర్ కోర్సుల కోసం హైదరాబాద్ అమీర్‌పేటకి రైలెక్కుతున్నారు. సంవత్సరం అంకెల్లో 2000 రాగానే కంప్యూటర్లు తికమకపడతాయని, ఆ పాత ప్రోగ్రాములు సరిచేయడానికి మనుషులు కావాలని అమెరికా నుంచి పిలుపులొస్తున్నాయి. తెరమీద హీరో ఏ సీటుని జైలనుకున్నాడో ఆ సీటు కోసం మా ఇళ్లలో పొలాలు తాకట్టు పెట్టారు, సింహాచలానికి మొక్కుకున్నారు. అదే సినిమాని రెండు దేశాలవాళ్లు ఒకేలా చూసి ఉండరన్నది నా గట్టి నమ్మకం. మావాళ్లకి అది తుపాకుల సినిమాగా నచ్చింది. పదేళ్లు ఆ సీట్లో కూర్చున్నాక, మా బావ దాన్ని మళ్లీ చూసి, “ఇప్పుడర్థమైంది” అన్నాడు.

ఒక చిన్న సంగతి. ఆ సినిమాలో ఆకుపచ్చగా జారే అక్షరాల వాన గుర్తుందిగా. ఆ అక్షరాల్ని తన భార్య జపనీస్ వంట పుస్తకాల నుంచి తీసుకున్నానని దాన్ని రూపొందించిన డిజైనర్ చెప్పాడు. లోకం మొత్తానికి ఆధారమైన రహస్య లిపిగా పాశ్చాత్య ప్రేక్షకుడికి చూపించింది ఒక తూర్పుదేశపు వంటింటి లిపిని. తెలియని భాష కనిపిస్తే అందులో మహత్తు ఉందనుకోవడం కూడా సంస్కృతే.

ఇదంతా మన పురాణాల్లో ఎప్పుడో ఉంది కదా?

దాదాపు ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు. గర్వంగా అడుగుతారు, ఆ గర్వంలో తప్పేమీ లేదు. వసిష్ఠుడు రాముడికి చెప్పినట్టుగా సాగే యోగవాసిష్ఠంలో లవణ మహారాజు కథ ఉంది. కొలువులోకి ఇంద్రజాలికుడొకడు వచ్చి నెమలి పింఛం ఊపుతాడు. ఒక గుర్రం కనిపిస్తుంది. రాజు దాన్ని చూస్తూ చూస్తూ బొమ్మలా బిగుసుకుపోతాడు. కాసేపటికి కదిలి, వణుకుతూ తన కథ చెబుతాడు. ఆ గుర్రం తనని ఎక్కడో అడవిలోకి ఈడ్చుకుపోయిందట. ఆకలితో ప్రాణం పోతుంటే ఒక పిల్ల అన్నం తీసుకెళ్తూ కనిపించిందట. తనని పెళ్లాడితేనే పెడతానందట. పెళ్లయింది, పిల్లలు పుట్టారు, అరవై ఏళ్లు గడిచాయి. కరవొచ్చింది. ఆకలికి ఆగలేని చిన్న కొడుకుని చూడలేక మంటల్లో దూకబోతే మెలకువ వచ్చింది. కొలువులో గడిచింది కొద్దిసేపే.

అక్కడితో ఆగితే అది మంచి కల. కథ ఆగదు. రాజు మర్నాడు వింధ్య అడవులకి వెళ్లి వెతికితే ఆ పల్లె నిజంగానే ఉంటుంది. అత్తగారు కూర్చుని పోయినవాళ్లని తలుచుకుని ఏడుస్తుంటుంది. ఈ మలుపు ఇప్పటి సినిమాల్లో కూడా అరుదు. లోపల జరిగినదానికి బయట సాక్ష్యం దొరికితే దేన్ని నిజమనాలి?

అయితే ‘ముందే ఉంది’ అన్నంతమాత్రాన అన్నీ ఒకటైపోవు. లవణుడి లోకాన్ని ఎవరి లాభం కోసమూ కట్టలేదు, అమ్మలేదు. అది పాఠం చెప్పడానికి చూపించింది. పోల్ కథలో ఊరు వ్యాపారం కోసం కట్టింది. ఆ తేడాని చెరిపేసి మనమే మొదటివాళ్లమని చంకలు గుద్దుకుంటే రెండు కథల్లోనూ అసలు రుచి పోతుంది.

ఆ పాత కథలు మన సమాజం గురించి ఏం చెబుతున్నాయి?

నాకు అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. రాజుకి చూపించగలిగిన అతి ఘోరమైన జీవితం ఏమిటని ఆ కథకుడు అనుకున్నాడు? చండాల పల్లెలో అల్లుడిగా బతకడం. గ్రంథం వాడిన మాటే వాడుతున్నాను. అదే గ్రంథంలో గాధి అనే బ్రాహ్మణుడి కథ కూడా ఉంది. నీళ్లలో మునిగిన కాసేపట్లో అతడికి వచ్చిన జీవితమూ అలాంటి పల్లెలోనే మొదలైంది. పీడకల రెండుసార్లు ఒకే చోటుకి వెళ్లింది.

ఆ పల్లెలో పుట్టి, అక్కడే బతికి, అక్కడే చచ్చిపోయే మనిషికి అది ఇంద్రజాలం కాదు. రాజుకి మెలకువ వస్తుంది, ఆ అత్తగారికి రాదు. ఆవిడ కూతురూ అల్లుడూ మనవలూ ఏమయ్యారో ఆవిడకి చెప్పేవాడు లేడు. అదే కథ ఆవిడ చెబితే ఎలా ఉంటుందన్నది నా మనసులోంచి పోదు.

నారదుడి కథ చూడండి. మాయ అంటే ఏంటో చూపించమని అడిగితే విష్ణువు చెరువులో స్నానం చేయమంటాడు. మునిగి లేచేసరికి నారదుడు స్త్రీ. పెళ్లి, సంసారం, పిల్లలు, పుత్రశోకం, మళ్లీ మునక, మళ్లీ నారదుడు. ప్రభవ నుంచి అక్షయ వరకూ మన అరవై సంవత్సరాల పేర్లు ఆ పిల్లలవేనని పెద్దలు చెబుతారు. ఒక మునికి సంసారమనే మాయ అర్థమవ్వాలంటే ఆడదానిగా ఒక జన్మ చూపించాలని కథకుడికి తోచింది. అది ఆడవాళ్లకి గౌరవమా, చులకనా? మా టీచరుగారు గౌరవమంటారు. మా అమ్మాయిలు ఒప్పుకోరు. నేను అమ్మాయిల వైపు.

‘మాయాబజార్’ని ఈ కథల్లో కలపొచ్చా?

కలపాలి. 1957లో కె.వి. రెడ్డి తీసిన ఆ సినిమాలో ఘటోత్కచుడు మగపెళ్లివారి కోసం ఒక ఊరికి ఊరే కట్టిస్తాడు. విడిదిళ్లు, దుకాణాలు, వంటలు, మర్యాదలు, అన్నీ ఉంటాయి. పడుకోబోతే తిరగబడే గిల్పం, కాలు పెడితే చుట్టేసే గింబళి. పెళ్లికూతురు కూడా మాయా శశిరేఖే. నా మూడు ప్రశ్నలూ దీనికి వేయండి. కట్టింది మనవాళ్లు. లాభం ప్రేమించుకున్న జంటకి. మోసపోయింది డబ్బూ పదవీ చూసుకుని మాట తప్పినవాళ్లు. కట్టిన లోకం అంతా జైలుగా కనిపించే కథల మధ్య, బలహీనుల చేతిలో అదే ఆయుధమైన కథ ఇది. పైగా మూల భారతంలో ఈ పెళ్లి కథ లేదు, జనం అల్లుకున్నది.

అందులో ప్రియదర్శిని అని ఒక పెట్టె కూడా ఉంది. మూత తీసి ఎవరు చూస్తే వాళ్లకి ప్రియమైనది కనిపిస్తుంది. శశిరేఖకి అభిమన్యుడు కనిపిస్తాడు. బలరాముడికి దుర్యోధనుడు కనిపిస్తాడు. ఒకే పెట్టె చుట్టూ ఇంటిల్లిపాదీ చేరి, ఒక్కొక్కరు ఒక్కో బొమ్మ చూడటం. రాత్రి భోజనాలయ్యాక మన ఇళ్లలో ఎవరి ఫోన్ వాళ్లు చూసుకునే దృశ్యం తలుచుకోండి. తేడా ఒక్కటే, ఆ పెట్టె లోపల ఏం కనిపించిందో వాళ్లు ఒకరికొకరు చెప్పుకునేవారు.

చైనా, జపాన్ కథలు ఎలా ఉంటాయి?

చైనా రచయిత లియు త్సిషిన్ ‘త్రీ-బాడీ ప్రాబ్లమ్’ నవలలో ఒక కంప్యూటర్ ఆట ఉంటుంది. మూడు సూర్యుళ్ల కింద ఒక నాగరికత మళ్లీ మళ్లీ నాశనమవుతూ, మళ్లీ మొలకెత్తుతూ ఉంటుంది. ఒక చోట చక్రవర్తి 3 కోట్ల మంది సైనికుల్ని మైదానంలో నిలబెట్టి, జెండాలు ఎత్తించి దించి, వాళ్లందరినీ ఒకే కంప్యూటర్‌గా మారుస్తాడు. ఆ నవల ఇంగ్లిష్ అనువాదం మొదలయ్యేది 1967లో, మావో నాటి సాంస్కృతిక విప్లవంలో, ఒక ప్రొఫెసర్‌ని వేదిక మీద కొట్టి చంపే దృశ్యంతో. రెండూ చదివినవాళ్లకి ఆ జెండాల మైదానం ఆటలా కనిపించదు. ఇక్కడ ఒక మనిషి బయటపడటం గురించి బెంగలేదు, జాతి మొత్తం మిగులుతుందా అన్నదే బెంగ.

జపాన్ నవలల వరస ‘స్వోర్డ్ ఆర్ట్ ఆన్‌లైన్’లో 10,000 మంది ఒక కంప్యూటర్ ఆటలో చిక్కుకుపోతారు. లోపల చస్తే బయటా చస్తారు. అది ఆటేనని అందరికీ తెలుసు. తెలిసీ వంటలు నేర్చుకుంటారు, ఇల్లు కొనుక్కుంటారు, పెళ్లి చేసుకుంటారు. మా కుర్రాళ్లకి ఇదే అన్నిటికన్నా దగ్గరగా ఉంటుంది.

నిజంగా మనం సిమ్యులేషన్‌లో ఉన్నామా? శాస్త్రవేత్తలు రుజువు చేశారంటున్నారు.

ఎవరూ రుజువు చేయలేదు. ఆ మాట ఎక్కువగా వచ్చేది తత్వవేత్త నిక్ బోస్ట్రామ్ 2003లో ప్రచురించిన వ్యాసం నుంచి. ఆయన అన్నది, మూడింటిలో కనీసం ఒకటి నిజమై తీరాలని. ఒకటి, మనలాంటి నాగరికతలు అంతటి కంప్యూటర్లు కట్టే స్థాయికి చేరకముందే దాదాపుగా అంతరించిపోతాయి. రెండు, చేరినా తమ పూర్వీకుల జీవితాల్ని నడిపి చూడాలన్న ఆసక్తి వాళ్లకి ఉండదు. మూడు, మనం దాదాపు కచ్చితంగా అలాంటి సిమ్యులేషన్‌లోనే ఉన్నాం. మూడోదే నిజమని ఆయన తేల్చలేదు. 2016లో ఎలాన్ మస్క్ మనం అసలు లోకంలో ఉండే అవకాశం వందల కోట్లలో ఒకటని అన్నాక మొదటి రెండూ జనం మరిచిపోయారు.

ఈ వాదన కూడా తన కాలాన్నీ చోటునీ చెబుతుంది. లోకం ఎందుకుందంటే ఒకప్పుడు దేవుడి లీల అన్నారు. గడియారాలు గొప్ప యంత్రాలైన రోజుల్లో యూరప్‌లో లోకాన్ని గడియారమన్నారు. కంప్యూటర్లు కట్టేవాళ్లు ధనవంతులైన రోజుల్లో కంప్యూటరన్నారు.

ఒకవేళ నిజమే అయితే మన జీవితమంతా అబద్ధమేనా?

తత్వవేత్త డేవిడ్ చాల్మర్స్ 2022లో ఒక పుస్తకమే రాసి, కాదన్నాడు. బల్ల అణువులతో తయారైనా బల్లే, అంకెలతో తయారైనా బల్లే, దాని మీద అన్నం పెట్టుకుని తింటున్నంతసేపూ అది నిజమేనని ఆయన వాదన సారాంశం.

నాకు ఈ సంగతి పుస్తకంకన్నా ముందు మా ఇంట్లోనే తెలిసింది. మా మేనల్లుడు సెలవులకొచ్చి వాళ్ల అమ్మమ్మకి, పెట్టుకుంటే చుట్టూ వేరే చోటు కనిపించే వీఆర్ కళ్లజోడు పెట్టాడు. కాశీ ఘాట్లు, గంగాహారతి. మా అమ్మ కుర్చీలో కూర్చునే తల అటూ ఇటూ తిప్పింది. కాసేపటికి చెప్పులు విడిచింది. చేతులు జోడించింది. తర్వాత కుడిచెయ్యి కిందికి చాపి, లేని నీళ్లు తీసుకుని తలమీద చల్లుకుంది.

“అమ్మమ్మా, అది నిజం కాశీ కాదే,” అన్నాడు వాడు.

“తెలుసురా. టీవీలో రామాయణం వచ్చినప్పుడు రాముడు పెట్టెలో లేడని మాకు తెలీదేటి? అయినా హారతిచ్చేవోళ్లం కదా.”

1987, 88ల్లో ఆదివారం పొద్దున్న ఆ సీరియల్ వచ్చే వేళకి మా వీధి ఖాళీ అయిపోయేది. టీవీకి బొట్టు పెట్టి, దండ వేసినవాళ్లు చాలామందే. బొమ్మని చూసి మోసపోయారని చదువుకున్నవాళ్లు నవ్వారు. మోసపోలేదు. బొమ్మ బొమ్మేనని తెలిసే మొక్కారు.

సింహాచలం మనకి ఎంత దూరం? అక్కడ స్వామి ఏడాదంతా చందనం పూతలోనే ఉంటాడు. నిజరూప దర్శనం అక్షయ తృతీయ ఒక్కరోజే. ఆ ఒక్కరోజు నిజరూపం కాబట్టి మిగతా రోజుల్లో చూసింది అబద్ధమని కొండెక్కిన ఏ భక్తుడూ అనడు. పైపూత తీస్తే లోపల అసలుది ఉందని అందరికీ తెలుసు, పూతకీ దణ్ణం పెడతారు. వేషం తీసేస్తేనే సత్యమన్న పట్టుదల ఉన్న సినిమాలు చూసేటప్పుడు నాకు ఆ చందనం గుర్తొస్తుంది.

లోపల సుఖంగా ఉంటే అక్కడే ఉండిపోతే తప్పేంటి?

1974లో రాబర్ట్ నోజిక్ అనే అమెరికన్ తత్వవేత్త ఇలాగే అడిగాడు. ఏ అనుభవం కావాలంటే అది ఇచ్చే యంత్రం ఉందనుకుందాం, జీవితాంతం దానికి తగిలించుకుంటారా? మనం ఒప్పుకోమని ఆయన ఉద్దేశం. పనులు చేశామన్న అనుభూతి చాలదు, నిజంగా చేయాలని ఉంటుంది మనకి.

మా రిటైరైన పెద్దాయన ఒకరు ఇక్కడ అడ్డుపడ్డారు. మోకాళ్లు అరిగిపోయి, బీచ్ రోడ్డులో నడవలేక ఆటోలోంచే సముద్రం చూసి వెనక్కి వచ్చేవారాయన. 2016లో వచ్చిన ‘శాన్ జునిపెరో’ అనే టీవీ కథ ఆయనకి ప్రాణం. ముసలివాళ్లు, మంచానపడ్డవాళ్లు కంప్యూటర్‌లో కట్టిన ఒక సముద్రతీర పట్టణంలో మళ్లీ వయసులో ఉండి నడుస్తారు, నాట్యం చేస్తారు. చనిపోయాక కావాలంటే అక్కడే ఉండిపోవచ్చు. “నోజిక్ గారికి అప్పటికి ముప్పై ఆరేళ్లు కూడా ఉండవు. మోకాళ్లు బాగుండి ఉంటాయి,” అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. కావాలనుకుని వెళ్లడానికీ, తెలియకుండా పెట్టేయడానికీ తేడా ఉందని మాత్రం ఇద్దరం ఒప్పుకున్నాం.

సిమ్యులేషన్ అంటే మోసమేనా ఎప్పుడూ?

మన ఊళ్లో ఉంటూ ఆ మాట అనకూడదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను ఈ ఊరి మీదే తీరం దాటింది. అది ఎటు వస్తుందో, ఎప్పుడు వస్తుందో కొన్నిరోజుల ముందే చెప్పగలిగారంటే కారణం, గాలినీ సముద్రాన్నీ అంకెలుగా మార్చి కంప్యూటర్‌లో ముందే నడిపి చూడటం. ఆ అంకెల లోకంలో తుపాను ముందే వచ్చి వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం గాలి ఒక్కసారి ఆగింది. చెట్లన్నీ పడి, వీధంతా తెల్లగా వెలుతురు. అయిపోయిందనుకుని బావ గేటు తీయబోయాడు. నాన్న చెయ్యి పట్టుకుని ఆపారు. తుపాను కన్ను మన మీదుగా పోతోంది, ఇంకో సగం ఉంది, ఈసారి ఎదురు దిక్కు నుంచి వస్తుందని. అలాగే వచ్చింది. ఆ తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు, ఎవరు ఎలా ఉన్నారో నడిచి వెళ్లి చూసుకోవాల్సి వచ్చింది.

మా చిన్నాన్న కొడుకు మర్చంట్ నేవీలో చేరేముందు ఓడ నడపడం నేర్చుకున్నదీ ఒక గదిలోనే. చుట్టూ తెరలు, తెరల మీద సముద్రం. నేల అంగుళం కూడా కదలదు. అయినా అల వచ్చినప్పుడల్లా అందరూ కాళ్లు ఎడంగా పెట్టి కమ్మీ పట్టుకునేవాళ్లమని చెబుతాడు.

బోద్రియార్ అనే పేరు వినిపిస్తూ ఉంటుంది. ఆయన ఏమన్నాడు?

ఫ్రెంచ్ ఆలోచనాపరుడు. 1981లో వచ్చిన ఆయన పుస్తకం ‘ది మేట్రిక్స్’లో ఒక క్షణం కనిపిస్తుంది, లోపల పేజీలు కోసేసి దాచుకునే పెట్టెగా. ఆయన చెప్పింది కష్టంగా ఉంటుంది కానీ, బీచ్ రోడ్డులో కురుసుర దగ్గర నిలబడితే ఒక కొస అందుతుంది. అది నిజమైన సబ్‌మెరైన్. 1969లో నౌకాదళంలో చేరింది, 2001లో సేవ ముగించింది, 2002 నుంచి ఇసుక మీద మ్యూజియంగా ఉంది. ప్రతి ఇనపముక్కా అసలుదే. లోపల నావికుల స్థానంలో బొమ్మలు నిలబెట్టారు. టికెట్ కొని ఒక వైపు ఎక్కి ఇంకో వైపు దిగుతాం. అది ఇప్పుడు సబ్‌మెరైనా, సబ్‌మెరైన్ బొమ్మా? తన బొమ్మగా తానే మారిన వస్తువు అది. ఇలాంటివాటితో లోకం నిండిపోయి, అసలుది ఏదన్న ప్రశ్నకే అర్థం పోయిందన్నాడాయన. అంత దూరం నేను వెళ్లను. నావికులుగా పనిచేసినవాళ్లు దాని లోపలికి వెళ్తే ఇప్పటికీ తల దించే చోట తల దించుతారు.

తెలుగులో ఇలాంటి కథలు ఎందుకు తక్కువ? మన ఊరి కథైతే ఎలా ఉంటుంది?

తక్కువకి కారణం మనకి యంత్రాలు తెలియకపోవడం కాదు. కథలో ల్యాబ్ రాగానే దాన్ని అమెరికాలో పెట్టే అలవాటు మనది. పేర్లు మారుస్తాం, భయం మాత్రం వాళ్లదే అరువు తెచ్చుకుంటాం. మన భయాలు మనకున్నాయి.

పోల్ కథ చదివిన రోజు ప్రశ్న అడిగిన ఆ అమ్మాయే ఇప్పుడొక కథ రాస్తోంది. ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఖాళీ చేయించిన పల్లెల్లో ఒకదాన్ని కంప్యూటర్‌లో మళ్లీ కట్టే కథ. కళ్లజోడు పెట్టుకుంటే నిర్వాసితులు తమ పాత వీధిలో నడవొచ్చు. దానికోసం తను నిజంగానే ఒక నిర్వాసిత కాలనీకి వెళ్లి, ఇద్దరు ముసలమ్మల దగ్గర విడివిడిగా కూర్చుని ఊరి పటం గీయించుకుంది. మొదటావిడ రామాలయం, దాని వెనక నుయ్యి, నూతి పక్క వేపచెట్టు, ఎవరి అరుగు ఎక్కడుండేదో అన్నీ వరసగా చెప్పింది. రెండో ఆవిడది ఊరి చివర పేట. చింతతోపు నుంచి మొదలుపెట్టి, గెడ్డ, కళ్లాలు, తమ ఇళ్లు, పోలేరమ్మ గుడి గీయించి, రామాలయం దాకా వచ్చి ఆగిపోయింది. దాని వెనక ఏముందని అమ్మాయి అడిగింది.

“అటేపు మేం ఎల్లేవోళ్లం కాదమ్మా. అక్కడేటుండేదో నాకు తెలీదు.”

రెండు కాగితాలూ మొన్న మేడ మీదకి తెచ్చింది. ఒకదానిలో నుయ్యి ఉంది. రెండోదానిలో ఆ చోటు తెల్లగా ఉంది. ఏ పటం పెట్టి ఊరు కట్టాలో తేల్చుకోలేక కథ అక్కడే ఆగి ఉంది.